పన్నెండు వారాల మందు

"ఇది మీ మందు చేసిన పనే!"

మెడికల్ షాపు కౌంటర్ మీద ముదురు నీలం కోటు వచ్చి పడింది. దాని మీద తెల్లగా మూడు వేలిముద్రలు. తెచ్చిన టైలరమ్మాయి ముక్కూ గడ్డమూ మాస్కు వెనక ఉన్నాయి. కోపం మాత్రం కళ్లలో దాచకుండా ఉంది.

వారం కిందట తానిచ్చిన మొటిమల క్రీము మందులబ్బాయికి గుర్తొచ్చింది. నాలుక కరుచుకున్నాడు.

"ఆ క్రీము బట్టల రంగు తినేస్తుందండీ. రాసుకున్నాక చేతులు బాగా కడుక్కోమని చెప్పాలి. మర్చిపోయాను."

"బట్టలు కుట్టేదాన్నని చెప్పాను కదా!"

"చెప్పారు. నేనే మీ కళ్లు చూస్తూ..." ఆగిపోయాడు.

వెనక కుర్చీలో పేపరు చదువుతున్న వాళ్ల నాన్న దగ్గాడు. ఆయనకి దగ్గు లేదు.

"కస్టమరుకేం చెప్పను? కోటుకి మొటిమలొచ్చాయనా?" ఆమె నిలదీసింది.

ఆ మధ్యాహ్నం అతను నాలుగు బట్టల షాపులు తిరిగి అదే నీలం గుడ్డ తెచ్చిచ్చాడు. ఆమె ముందు భాగం మార్చి కుట్టింది. కోటు గండం గడిచింది. ఆ తర్వాత ఆమె వారం వారం వచ్చేది, ప్రశ్నల మూటతో.

"రోజుకి ఎనిమిదిసార్లు కడిగినా తగ్గవేం?"

"ముఖమా, అంట్లగిన్నెనా? రెండుసార్లు చాలు. మురికి వల్ల వచ్చేవి కావివి. చర్మం కింద నూనె గ్రంథులుంటాయి. హార్మోన్ల వల్ల నూనె ఎక్కువవుతుంది. అది చచ్చిన కణాలతో కలిసి రంధ్రాన్ని మూసేస్తుంది. లోపల సూక్ష్మజీవులు చేరి వాపు వస్తుంది."

"పక్కింటావిడ టూత్‌పేస్టు రాయమంది."

"పళ్లకి రాయండి."

"గిల్లితే?"

"మచ్చ పడుతుంది. అంతగా గిల్లాలనిపిస్తే నా చెయ్యిస్తాను."

పేపరు వెనక మళ్లీ దగ్గు.

"ఎన్నాళ్లండీ ఈ తిప్పలు?"

"పన్నెండు వారాలైనా ఓపిక పట్టాలి."

పన్నెండు వారాలంటే ఆమె పన్నెండుసార్లు వస్తుందని అతను లోలోపల మురిసిపోయాడు.

ఆరో వారం ఆమె మొదటిసారి మాస్కు తీసింది. "చూడండి, ఇవి ముట్టుకుంటేనే సలుపుతున్నాయి."

దవడ మీద రెండు గట్టి గడ్డలు, లోతుగా. ఇంకో ట్యూబు ఇచ్చి పంపడం తేలిక. ఇస్తే వచ్చే వారం కూడా వస్తుంది. కానీ అలాంటివి గుంటలు మిగులుస్తాయని అతనికి తెలుసు.

"వీటికి నా క్రీములు చాలవండీ. స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇక్కడికి రావడం వల్ల లాభం లేదు."

ఆమె ముఖం చిన్నబోయింది.

"ముఖం చూపించగానే రావద్దంటున్నారు."

"అయ్యో, అది కాదు..."

మాస్కు పెట్టుకుని వెళ్లిపోయింది. తర్వాతి వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. అతను జలుబు మాత్రలడిగినవాడికి కట్టు గుడ్డ ఇచ్చాడు.

నాన్న పేపరు మడిచాడు. "ఒరేయ్, మీ అమ్మకి నా మనసులో మాట చెప్పడానికి రెండేళ్లు తీసుకున్నాను. అలా పోగొట్టుకున్న ఆ రెండేళ్లు ఇప్పుడుంటే బాగుండుననిపిస్తుంది. కౌంటర్ నేను చూసుకుంటాను. వెళ్లు."

అతను గుమ్మంలోకి రాగానే టైలరు గదిలో మిషను చప్పుడు ఆగింది. ఆమె ముఖానికి మాస్కు లేదు. గడ్డలు కాస్త చదునయ్యాయి.

"డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మాత్రలిచ్చింది. ఇంకో నెల ఆగుంటే గుంటలు పడేవంది." చూపు కుట్టు మీదే ఉంది. "మీరు చెప్పింది నిజమే. చెప్పిన తీరే..."

"బాగాలేదు. తెలుసు. మీరు రాకపోతే నేనేమైపోతానోనని భయపడుతూ చెప్పాను. అందుకే అలా మొరటుగా వచ్చింది." గొంతు సవరించుకున్నాడు. "నాకు మీరంటే ఇష్టమండీ."

"ఇవి తగ్గడానికి ఇంకా నెలలు పడుతుందట. మళ్లీ రావచ్చు కూడా."

"రానివ్వండి. నేను మీ కోసం వచ్చాను."

ఆమె చేతిలోని కుట్టు పక్కన పెట్టింది. తర్వాత లేచి కొలత టేపు అందుకుంది.

"ఇలా నిలబడండి. ఆ చొక్కా ఎవరు కుట్టారో గానీ భుజాలు జారిపోతున్నాయి. నాతో తిరిగే మనిషి ఇలా ఉంటే నా షాపు పరువేం కాను?"

అతని భుజాల చుట్టూ టేపు పడింది. ఆమె ముఖం జానెడు దూరంలో ఉంది, వెలుతురులో, దాపరికం లేకుండా.

"ఊపిరి బిగబట్టకు," అంది నవ్వుతూ. "కొలత తప్పొస్తుంది."