ఎర్ర వైన్‌లో గులాబీలు

ఆదివారం ఉదయం ఆరున్నరకి పృథ్వీ శవాన్ని చూశారు.

తుని దగ్గర జీడితోటల మధ్య కొత్త రిసార్ట్. పక్కనే ప్రైవేటు ఎయిర్‌స్ట్రిప్. పగలు చిన్న విమానంలో షికారు, సాయంత్రం ఖరీదైన వైన్‌లు. ఆ వీకెండ్ కోసం మండపేట నుంచి ముగ్గురు వచ్చారు. రైస్‌మిల్లు యజమాని పృథ్వీ, అతని భార్య శ్రీదివ్య, స్నేహితుడు సుకుమార్. ముగ్గురికీ చిన్న విమానం ఎక్కడం అదే మొదలు.

కాటేజీ వరండాలో, పేము కుర్చీలో పృథ్వీ పక్కకి ఒరిగి ఉన్నాడు. నోటి చుట్టూ నురగ. బల్ల మీద సగం తాగిన వైన్ గ్లాసు. పక్కన ప్లేటులో కొరికి వదిలేసిన జీడిపప్పు.

ఇన్‌స్పెక్టర్ వీరవేణి మెట్లెక్కుతూనే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది.

"పురుగుమందు మేడమ్," అన్నాడు కానిస్టేబుల్ బంగార్రాజు. "తోటలో కొట్టేదే. డబ్బా షెడ్డులో ఉంది. సూసైడేనండి. ఇంత కంపు కొట్టేదాన్ని తెలీకుండా ఎవరు తాగుతారు?"

"చావాలనుకున్నవాడు జీడిపప్పు నంజుకుంటూ తాగుతాడా?"

బంగార్రాజు ప్లేటు వంక చూశాడు.

లోపల శ్రీదివ్య మంచం అంచున కూర్చుని ఉంది.

"రాత్రి సుకుమార్ గారు వెళ్లగానే పడుకున్నానండి. నాకేం వినపడలేదు."



పక్క కాటేజీలో సుకుమార్ ఆమెకి కుర్చీ చూపించాడు.

"ఎప్పటిదాకా ఉన్నారు?"

"తొమ్మిదిన్నర దాకానండి."

"దిగులుగా ఉన్నాడా?"

"వాడా? ఒకటే నవ్వులండి. విమానంలో వాళ్లావిడ ఏడ్చిన వీడియో కనపడ్డవాళ్లందరికీ చూపించాడు."

"ఎందుకేడ్చింది?"

సుకుమార్ తల దించుకున్నాడు. "ఎత్తంటే భయమండి ఆవిడకి. వద్దని వాడి కాళ్లు పట్టుకుంది. ఎత్తి సీట్లో కుదేశాడు."

"మీరు ఆపలేదా?"

సుకుమార్ జేబులోంచి ఫోన్ తీసి చేతిలో తిప్పాడు.

"మరి వైన్ సంగతేంటి?"

"వాడి ముక్కు గొప్పదండి. గ్లాసు ఊపి వాసన చూసి, రేగుపళ్లు, లవంగాలు, తడిసిన మట్టి అని చెప్పేసేవాడు. నాకు ఒక్కటీ తెలియలేదు. ఇదిగో, రాత్రి వైన్ తాగేటప్పుడు తీసిన వీడియో నా ఫోన్‌లో ఉంది."

విమానం నడిపిన కెప్టెన్ గోపాలకృష్ణమూర్తి విమానాల షెడ్డులో దొరికాడు.

"ఆయిల్ నింపేటప్పుడు కాస్త ఒలికిందండి. తుడిచినా లోపలంతా వాసనే. ఆవిడ వాంతి చేసుకున్నారు. సుకుమార్ గారు దిగిపోదామన్నారు. పృథ్వీ గారు మాత్రం, 'ఏం వాసనండీ?' అన్నారు. ధైర్యం చూపిస్తున్నారనుకున్నాను."

"పైకి వెళ్లాక?"

"మా ఆవిడ ఇంకా గట్టిగా అరవాలి, ఒక్కసారి కిందికి ముంచండి అన్నారు."

"ముంచారా?"

ఆయన చూపు తిప్పుకున్నాడు. "ఒక్కసారేనండి. మళ్లీ అడిగితే దింపేశాను."

వీరవేణి జీపులో కూర్చుని సుకుమార్ ఇచ్చిన వీడియో చూసింది. మళ్లీ చూసింది. ఈసారి పృథ్వీని వదిలేసి, శ్రీదివ్యనే చూసింది.

పదకొండు గంటలకి అందరినీ డైనింగ్ హాల్లోకి పిలిచింది.

"పృథ్వీకి వాసన తెలీదు."

సుకుమార్ తెల్లబోయాడు. "వాడికాండీ?"

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టింది. వీడియోలో పృథ్వీ గ్లాసుని ముందు భార్య ముక్కు దగ్గర పెడుతున్నాడు. ఆమె వాసన చూసి అతని చెవిలో ఏదో చెబుతోంది. తరవాత అతను కళ్లు మూసుకుని గ్లాసు పైకెత్తి పెద్దగా ప్రకటిస్తున్నాడు. ప్రతి గ్లాసుకీ అంతే.

"మొగుడూ పెళ్లాల సరసం అనుకున్నారు మీరంతా. సుకుమార్ గారూ, అతని ముక్కుని మీరు నమ్మారు. చంపింది మీరే అయితే వాసన లేని విషం వెతికేవారు. కెప్టెన్ గారు సాయంత్రమే ఇంటికెళ్లారు. గేటు కెమెరాలో ఉంది. ఈ గ్లాసు అందించిన మనిషికి, ఇతను పసిగట్టలేడని ఖాయంగా తెలుసు."

ఎవరూ శ్రీదివ్య వైపు చూడలేదు. ఆమే నోరు విప్పింది.

"కరోనాలో పోయిందండి ఆయనకి వాసన. బియ్యం వ్యాపారం కదండీ, బయట తెలిస్తే పరువు పోతుందని ఎవరికీ చెప్పనివ్వలేదు. బియ్యం ముక్కిపోయిందా, కూర పులిసిందా, అన్నీ నేనే చెప్పాలి. తప్పు చెబితే..."

జాకెట్టు చెయ్యి పైకి లాగింది. మోచేతి పైన అట్లకాడ వాతలు. కొన్ని మానినవి. ఒకటి పచ్చిగా ఉంది.

సుకుమార్ కిటికీ వైపు తిరిగిపోయాడు.

"ఇది ఎప్పటిది?" అంది వీరవేణి.

"బయల్దేరే ముందురోజుదండి. విమానం ఎక్కనన్నానని."

వీరవేణి కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చుంది. గొంతు తగ్గించింది.

"రాత్రి ఆ గ్లాసుకి ఏం చెప్పారమ్మా?"

"గులాబీలని చెప్పానండి."

"ఆయనేమన్నారు?"

"గ్లాసు ఊపి, కళ్లు మూసుకుని గట్టిగా పీల్చారండి. 'అవును, గులాబీలే' అన్నారు. అక్కడ నేను తప్ప ఎవరూ లేరండి. అయినా అన్నారు."

"సగమే తాగాడు. అప్పటికైనా అనుమానం వచ్చిందా?"

శ్రీదివ్య తల అడ్డంగా ఊపింది.

"అది రెండోదండి. మొదటిది చాలా బాగుందని, ఆయనే మళ్లీ పొయ్యమన్నారు."