నాయినమ్మ మానేసిన మాటలు

"నీ పేరేంటమ్మా?" అని తార్నాక డాక్టరమ్మ ముద్దుగా అడిగింది. మూడేళ్ళ హరిణి ఆమె మొహం వైపు కూడా చూడకుండా, గోడ గడియారాన్ని చూస్తూ, "షరతులు వర్తిస్తాయి" అంది.

పక్కనున్న నర్సుకు నవ్వాగలేదు. పాపం, ఆమె తప్పేముంది! ఎవరు విన్నా నవ్వుతారు, కన్నతల్లి తప్ప. గౌతమి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆ పిల్లకు టీవీలో వచ్చే ప్రకటనలన్నీ కంఠతా వచ్చు. సబ్బులూ, టూత్‌పేస్టులూ, సెల్‌ఫోన్ కంపెనీలూ... చివర్లో గబగబా చదివే షరతులతో సహా! కానీ దాహమేస్తే 'నీళ్ళు' అనడం రాదు. ఎవరి చెయ్యో పట్టుకుని బిందె దగ్గరికి లాక్కెళ్తుంది. 'అమ్మా' అని ఒక్కసారైనా పిలిచిందా? పొద్దున్నే కంపెనీ బస్సుకు పరుగెడుతూ గౌతమి టాటా చెబితే, టీవీ మీంచి కళ్ళు తిప్పదు. వచ్చే జూన్లో బడిలో వెయ్యాలి. ఇలాంటి పిల్లను ఎవరు చేర్చుకుంటారు? తన బిడ్డ తనతో ఎప్పటికైనా మాట్లాడుతుందా?

డాక్టరమ్మ చెవులు పరీక్ష చేయించింది. వినికిడి బాగుందనీ, ఇప్పుడే భయపడొద్దనీ, ముందు టీవీ కట్టేసి చూద్దామనీ చెప్పింది. "టీవీ మాట్లాడుతుందే గానీ, పాప ఏమైనా అంటే అది తిరిగి జవాబు చెప్పదు కదమ్మా. ఇంట్లో పాపతో ఎవరు మాట్లాడతారు?"

"మా అత్తయ్య ఉంటారండీ, రోజంతా," అంది గౌతమి. ఆ మాట అంటుండగానే ఆమె దుఃఖమంతా కోపంగా మారింది. రోజంతా ఇంట్లో ఉండి ఆవిడ చేసిందేమిటి? లాలాపేట మీదుగా నాచారం వచ్చేదాకా ఆటోలో ఆ కోపాన్నే నెమరేసుకుంది.

ఇల్లు చేరగానే హరిణి చెప్పులైనా విప్పకుండా ప్లాస్టిక్ కవరు చుట్టిన రిమోట్ అందుకుంది. టీవీలో బొమ్మలు కేకలు పెట్టాయి. అత్తగారు దుర్గమ్మ మంచినీళ్ళ చెంబుతో ఎదురొచ్చింది. గౌతమి చెంబు అందుకోలేదు. నేరుగా వెళ్ళి టీవీ వైరు పీకేసింది. పిల్ల నేల మీద పడి గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపులోనే గౌతమి నోటికి ఎంతొస్తే అంత అనేసింది. మీ సుఖం కోసం పిల్లను టీవీకి అప్పజెప్పారంది. ఒక్క మాట నేర్పడానికి నోరు రాలేదా అంది. పనిమనిషి అయినా ఇంతకంటే బాగా చూసేదని కూడా అనేసింది! ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ కడుపు మండినప్పుడు ఎవరికి తెలుస్తుంది?

దుర్గమ్మ చెంబు కింద పెట్టింది. లోపలికెళ్ళి సంచీలో రెండు చీరలు పెట్టుకుంది. తన ఊరికి పోయే జనగామ బస్సుకు ఉప్పల్ రింగురోడ్డు దాకా దింపమని, అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన కొడుకు విక్రమ్‌ను అడిగింది. అతను తల్లినీ, పెళ్ళాన్నీ మార్చి మార్చి చూశాడు.

"పోతె పోదువు గని, అమ్మా. నువ్వు గింత మౌనంగ ఎందుకైనవో అది చెప్పు. నా చిన్నప్పుడు నీ నోరు ఆగకపోతుండె."

ఆవిడ సంచీ తాడు ముడివేసింది. తర్వాత కోడలి వైపు చూడకుండా చెప్పింది.

"మాట్లాడొద్దన్నది నువ్వే గద బిడ్డా. పాప మొదటి పుట్టినరోజు తెల్లారి. నా మాటలు నేర్సుకుంటె బడిల నవ్వుతరంటివి. టీవీ పెట్టున్రి, మంచి మాటలొస్తయంటివి. గదే జేసిన. బుక్క పెడుతుంటె 'తిను బిడ్డా' అని నోటిదాక వస్తుండె... నాలుక కరుసుకున్న. రెండేండ్లు."

గౌతమికి అంతా గుర్తొచ్చింది. అవును... తనే అంది! తను పుట్టింది తెనాలి, పెరిగింది హబ్సిగూడలో లాబ్ ఉద్యోగుల క్వార్టర్స్. పుట్టినరోజుకు ఆ క్వార్టర్స్ వాళ్ళంతా వచ్చారు. కేకు చూసి హరిణి తన జీవితంలో మొదటి మాట పలికింది, 'ఏంది?' అని. ఎవరో, "అప్పుడే నాయనమ్మ భాష వచ్చేసిందే!" అన్నారు. అందరూ నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయిన గౌతమి మర్నాడు అత్తగారికి నవ్వుతూనే చెప్పింది. తను ఆ సాయంత్రానికే మరిచిపోయింది. ఆవిడ మరిచిపోలేదు. మనవరాలు బాగుపడుతుందని, ఎదురుగా పిల్లను పెట్టుకుని రెండేళ్ళు మూగనోము పట్టింది!

గౌతమి అత్తగారి ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. "వెళ్ళొద్దు అత్తయ్యా. దానితో మాట్లాడండి. మీకు ఎలా వస్తే అలా," అని మాత్రం అనగలిగింది.

విక్రమ్ టీవీని అట్టపెట్టెలో పెట్టి అటక ఎక్కించాడు. మొదటి వారం నరకమే. హరిణి అటక వైపు చూస్తూ తలుపుకు తల కొట్టుకునేది, అన్నం విసిరికొట్టేది. దుర్గమ్మ మాత్రం పొద్దున లేచింది మొదలు మాట్లాడుతూనే ఉండేది. చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ దాని పేరు చెప్పేది, నీళ్ళు పోస్తూ తన ఊరి చెరువులో ఏ గేదె ఎట్లా ఈదేదో చెప్పేది, చెప్పి ఆగి పిల్ల మొహంలోకి చూసేది. పిల్ల ఊ అనకపోయినా అన్నట్టే ఇంకో మాట కలిపేది. ఆదివారాలు గౌతమి కూడా పక్కన చేరేది. ఇరవయ్యో రోజున హరిణి బిందె దగ్గరికి లాక్కెళ్ళకుండా, "నీళ్ళు" అంది. దుర్గమ్మ గ్లాసు అంచు దాకా నింపి అందించింది.

ఆరు నెలల తర్వాత మళ్ళీ తార్నాక వెళ్ళారు. ఈసారి దుర్గమ్మ కూడా వెంట ఉంది. డాక్టరమ్మ పాప ఎదురుగా కూర్చుని, "నీ పేరేంటమ్మా?" అంది.

"హరిణి." పిల్ల ఆవిడ కళ్ళలోకి చూసింది. "నీ పేరేంది?"

దుర్గమ్మ మొహం పాలిపోయింది. భయంగా కోడలి వైపు చూసి, మనవరాలి చెవిలో, "అట్ల అనొద్దు బిడ్డా. మీ పేరేంటండీ అనాలె," అంది.

గౌతమి అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అననివ్వండి అత్తయ్యా. దాని మొదటి మాట అదే. నేనే పోగొట్టాను, మీరు తెచ్చిచ్చారు."

డాక్టరమ్మ నవ్వి తన పేరు చెప్పింది. హరిణి తల ఊపి, మా నాయినమ్మ పేరు దుర్గమ్మ అనీ, జొన్నరొట్టె మంచిగ చేస్తదనీ, అమ్మ కంపెనీకి పోతదనీ వరసగా మొదలుపెట్టింది. తిరుగు ప్రయాణంలో ఆటో నాచారం చేరేదాకా ఆ పిల్ల నోరు మూయలేదు. అత్తాకోడళ్ళిద్దరూ చెరోవైపు కూర్చుని ఊ కొడుతూనే ఉన్నారు.