చూడటానికో కిటికీ

రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి తెరిపిచ్చింది. మొగల్తూరులో అందరూ వాకిట్లో నీళ్ళు చూసి విసుక్కుంటుంటే సంపూర్ణమ్మ ఒక్కతే సంబరపడింది. రెండోసారి కాఫీ పెట్టించుకుని మరీ తాగింది.

"తబితా, పద పద. సూరమ్మగారింట్లోకి నీళ్ళొచ్చాయో లేదో చూడాలి."

తల దువ్వుకుంటున్న కోడలు దువ్వెన ఆపింది. "ముగ్గు పోయించడానికి కదండీ మనం వెళ్ళేది?"

"రెండూనూ!"

కొత్త ఇంటికి ఆ రోజే ముగ్గు. ఏ గది ఎక్కడో నేల మీద సున్నంతో గీస్తారు. ఆ గీతల వెంటే పునాది తవ్వుతారు. పాత పెంకుటిల్లు పడగొట్టి, అద్దింట్లోకి మారి, లారీల కొద్దీ మట్టి తోలించి, రోడ్డు కంటే రెండడుగుల ఎత్తున మెరక చేయించింది సంపూర్ణమ్మ. ఎందుకంత ఎత్తు అని అడిగిన వాళ్ళకి వరదలని చెప్పింది. అబద్ధం. సూరమ్మ కోసం.

సూరమ్మ ఆవిడ తోడికోడలు. భర్త అన్నగారి భార్య. రెండిళ్ళూ పక్కపక్కనే. పదేళ్ళ క్రితం ఆ అన్నగారు నడుమెత్తు మెరక పోయించి ఇల్లు కట్టాడు. మధ్యలో కాలవకి జానెడు చోటు వదల్లేదు. అప్పట్నుంచి వానొస్తే వాళ్ళ నీళ్ళన్నీ వీళ్ళ పెంకుటింట్లోకే. అడగడానికెళితే సూరమ్మ బియ్యం ఏరుకుంటూ, తలైనా ఎత్తకుండా, "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు. మేమేం చేస్తాం సంపూర్ణా?" అంది.

అంతటితో పోయినా సంపూర్ణమ్మ సరిపెట్టుకునేదేమో. ఒక వానాకాలం భర్త జీవరాజు ఇంట్లో నిలిచిన నీళ్ళలో జారిపడ్డాడు. తుంటి విరిగింది. చంకల్లో చేతులేసి లేపలేక, కేకలు పెడుతూ తలెత్తి చూస్తే, పక్కింటి ఎత్తు గుమ్మంలో సూరమ్మ నిలబడి ఉంది. చూస్తోంది. దిగి రాలేదు. జీవరాజు ఆ తర్వాత మంచం మీంచి లేవనే లేదు. మొగుడు పోయిన ఏడుపు ఎలాగో దిగమింగుకుంది గానీ, ఆ చూపు మాత్రం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. ఆదివారం ప్రార్థనలో క్షమించే మాట వచ్చినప్పుడు ఆవిడ నోరు మెదిపేది కాదు.

ఈ పదేళ్ళలో రోడ్డు రెండుసార్లు ఎత్తు పెరిగింది. సూరమ్మ ఇంటి నడుమెత్తు కాస్తా రోడ్డుతో సమానమైపోయింది. సూరమ్మ మొగుడూ పోయాడు, కూతురు కాపురానికెళ్ళిపోయింది, ఆవిడ ఒంటరిదైంది. కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు ఫిన్నీ లోను పెట్టి, "ప్లాను నీ ఇష్టమమ్మా" అన్నాడు. సంపూర్ణమ్మ ఆ మాటకోసమే కాచుకుని ఉంది.

వీళ్ళు వెళ్ళేసరికి మేస్త్రీ హరిబాబు తాడు కట్టి ముగ్గు పోస్తున్నాడు. ఫిన్నీ సున్నం గీత దాటి వచ్చాడు.

"గోడలోంచి వస్తావేంట్రా? గుమ్మంలోంచి రా!" అని కసిరింది తల్లి.

అందరూ నవ్వారు. తబిత మాత్రం గదులన్నీ తిరిగి చూసి నవ్వడం మానేసింది. దక్షిణం వైపు, సరిగ్గా సూరమ్మ ఇంటి పక్కన, వరసగా మూడు బాత్రూములు. వాటి వెనక సెప్టిక్ ట్యాంకు.

"అత్తయ్యగారండీ, చల్లగాలి వచ్చేదే అటు. గాలంతా బాత్రూములకిచ్చేసి మనం వంటింట్లో ఉడికిపోవాలా?"

"ఉడికితే ఉడుకుదాం."

"ట్యాంకు సరిగ్గా వాళ్ళ వంటింటి కిటికీ ఎదురుగా ఉంది. మీరు మనం ఉండటానికి గీయలేదండీ ఈ ఇల్లు. వాళ్ళని ఏడిపించడానికి గీశారు."

"అవునమ్మా, ఏడిపించడానికే!" సంపూర్ణమ్మ గొంతు పెంచింది. "నేను ఏడవలేదూ? అప్పుడు ఎవరికి పట్టింది?"

"మరి అటు గోడంతా మూసేసి, మీ గదికొక్కదానికే కిటికీ ఎందుకు?"

గది గీతమీద కిటికీకి గుర్తుగా రెండు ఇటుకలు పెట్టి ఉన్నాయి. అవి దగ్గరుండి పెట్టించుకుంది సంపూర్ణమ్మే.

"అమ్మకి గాలి కావాలి కదా," అన్నాడు ఫిన్నీ.

"గాలికి కాదురా. చూడ్డానికి. వానొచ్చినప్పుడల్లా మంచం మీద కూర్చుని, దాని ఇల్లు మునగడం చూస్తాను."

ఫిన్నీ మొహం పాలిపోయింది. "అమ్మా, నాన్న ఉంటే..."

"ఉంటే గదరా!"

అప్పుడే సూరమ్మ బయటికొచ్చింది. చీర పైకి దోపుకుని, పెరట్లోంచి రెండు చేతులతో ఇటుకలు మోసుకుంటూ వచ్చి, మెరక కింద నీళ్ళలో నిలబడి తలెత్తింది.

"సంపూర్ణా, నీళ్ళు ఇంట్లోకొచ్చేశాయే."

ఎన్నేళ్ళుగానో నాలుక చివర దాచుకున్న మాట. "నీరు పల్లమెరుగు కదక్కా. మేమేం చేస్తాం?"

తిడుతుందనుకుంది. శాపనార్థాలు పెడుతుందనుకుంది. సూరమ్మ ఆమె మొహంలోకి కాసేపు చూసి, "సరే," అని వెనక్కి తిరిగింది. సంపూర్ణమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ పగకి దక్కింది ఆ ఒక్క మాటా!

వెళ్ళి తన గదిలో, రెండు ఇటుకల మధ్య నిలబడింది. కిటికీ చక్కగా కుదిరింది. సూరమ్మ ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. లోపల పిక్కల్లోతు నీళ్ళు. సూరమ్మ ఒక చేత్తో మంచం కోడు ఎత్తిపట్టి, రెండో చేత్తో దాని కింద ఇటుక తోస్తోంది. జీవరాజు మంచానికి సంపూర్ణమ్మ పెట్టిందీ అలాగే. ఒక కోడయింది. రెండోదయింది. మూడోదాని దగ్గర సూరమ్మ కాలు జారి నీళ్ళలో చతికిలబడింది. కేకైనా పెట్టలేదు.

సంపూర్ణమ్మ నిలబడి చూస్తూనే ఉంది. తను కోరుకున్నది ఇదే కదా!

సూరమ్మ తలెత్తింది. సూటిగా ఇటే చూసింది. పడ్డవాళ్ళు ఎత్తున ఉన్నవాళ్ళని ఎలా చూస్తారో సంపూర్ణమ్మకి తెలుసు. ఆ చూపు ఒకప్పుడు తనదే. ఇప్పుడు ఎత్తున నిలబడింది తను.

"ఛీ! ఏం బతుకే నీది," అని తనని తనే తిట్టుకుంది. గుమ్మం ఎటుందో చూసుకోలేదు. సున్నం గోడ తొక్కేసి, మెరక మీంచి జారుతూ దిగి, నీళ్ళలో పడి పరిగెత్తింది. వెనకాలే తబిత.

ఇద్దరూ కలిసి సూరమ్మని లేపి మంచం మీద కూర్చోబెట్టారు. మడమ బెణికింది గానీ ఎముక విరగలేదు.

"రావనుకున్నానే," అంది సూరమ్మ.

"రాకూడదనే అనుకున్నానక్కా. నుంచుని చూశాను కూడా."

"తెలుసు." సూరమ్మ తడి కొంగు పిండుకుంది. "ఆ రోజు జీవరాజు పడ్డప్పుడు ఒక మెట్టు దిగాను. వెళితే తప్పు మనదని ఒప్పుకున్నట్టవుద్దని మీ బావగారు లోపల్నుంచి కేకేశారు. ఆగిపోయాను. ఆయన్ననడం దేనికిలే, కాళ్ళు నావేగా."

"ఈ మాట చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందా నీకు? ఒక్కసారి వచ్చి చెబితే నోరు పడిపోయేదా?" సంపూర్ణమ్మ అరుస్తూనే ఏడ్చేసింది.

"మొహం చెల్లలేదే సంపూర్ణా."

సూరమ్మ చెయ్యి చాపింది. సంపూర్ణమ్మ వెంటనే పట్టుకోలేదు. పట్టుకున్నాక వదల్లేదు. తబిత వాళ్ళిద్దరినీ అలా ఏడవనిచ్చి పసుపు వెతకడానికి వంటింట్లోకి వెళ్ళింది.

అత్తాకోడళ్ళు తిరిగొచ్చేసరికి హరిబాబు తల గోక్కుంటున్నాడు. "అమ్మగారండీ, మీ గది గోడ తొక్కేశారు. ముగ్గు మళ్ళీ పొయ్యమంటారా?"

"పొయ్యి. బాత్రూములు ఉత్తరానికి మార్చు. ట్యాంకు కూడా. ఈ పక్క మూడడుగులు వదిలిపెట్టు, కాలవ తవ్వించి రోడ్డు మురుక్కాలవలో కలుపుదాం. మొహం అలా పెట్టకురా ఫిన్నీ, హాలు చిన్నదైతే చచ్చిపోం."

"మరి మీ కిటికీ అండీ?" అంది తబిత మెల్లిగా.

సంపూర్ణమ్మ చెదిరిన సున్నం వైపు చూసింది. తడిమట్టిలో తన పాదం గుర్తు లోతుగా దిగబడి ఉంది.

"కిటికీ వద్దు. నేను తొక్కిన చోట తలుపు పెట్టండి. దిగడానికి మెట్లు కూడా కట్టండి." ముక్కు చీదుకుంది. "అలా చూడకండి, నా కోపమేం పోలేదు. దానికి ఇంకా నాలుగు తిట్లు మిగిలే ఉన్నాయి. కిటికీలోంచి తిడితే దానికి వినపడి చావదు, వెళ్ళి తిట్టాలి."

కిటికీ గుర్తుకి పెట్టిన ఇటుకలు రెండూ తీసుకుని మళ్ళీ నీళ్ళలోకి దిగింది. సూరమ్మ మంచానికి ఇంకా రెండు కోళ్ళు తడుస్తున్నాయి.