ఎవరూ పాట పెంచని ట్రాక్టర్

భోజనాల వేళకు వేలం పనిముట్లన్నీ దాటి ట్రాక్టర్ల వరసకు వచ్చింది. ఆ పొలం రైతు తోలెఫ్ నైగార్డ్ చలికాలంలో చనిపోయాడు. మే నెల వచ్చేసరికి అప్పులు తీర్చడానికి ఆయన పశువులను, సామానును వాకిట్లో పెట్టి అమ్మేస్తున్నారు. పన్నెండేళ్ళ మారిట్ తన తాత ఆర్విడ్‌తో పొద్దుటి నుంచి అక్కడే ఉంది.

వాళ్ళకు ఒక పాత ట్రాక్టర్ కావాలి. దున్నడానికి కాదు, ఆగస్టు సంతలో బరువు లాగే పోటీకి. సొంత ట్రాక్టర్ ఇంజను చలికి పగిలిపోయింది. పన్నెండు నిండితేగాని పోటీలో నడపనివ్వరు కాబట్టి మారిట్‌కు ఇదే మొదటి ఏడు. బండి దొరక్కపోతే ఈ ఏడూ కంచె అవతలే నిలబడాలి.

వాళ్ళు దిగేది మార్పులు చేయని బళ్ళ తరగతి. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో బండి అలాగే ఉండాలి. మట్టిలో పట్టు కోసం టైర్లు కూడా చెక్కకూడదు. అందుకే బండిని ఎంచుకోవడంలోనే సగం పోటీ అయిపోతుందని తాత అంటాడు.

మారిట్ కళ్ళు మెరిసే ఎర్ర ట్రాక్టర్ మీదికి పోయాయి.

"రంగు చూసి కొనేది కేకు. ఇటు రా" అన్నాడు తాత.

పక్కనే వెలిసిపోయిన నారింజ రంగు బండి ఉంది. తాత ఇంజను నూనె కొలిచే పుల్ల తీసి, దానికంటిన నూనెను వేళ్ళ మధ్య రుద్దాడు. స్టార్ట్ చేసి పొగ చూశాడు. మొదటి గేరు ఎంత నెమ్మదో, వెనక భాగం ఎంత బరువో మారిట్‌కు చూపించాడు. బరువంతా వెనక ఉంటే చక్రాలు మట్టిని వదలవట. మనకు సరిపోయేది ఇదేనని చెప్పి, వేలం నంబరున్న అట్ట ఆమె చేతిలో పెట్టి, తాను కాఫీ తెచ్చేలోపు దీని వంతు వస్తే రెండు వేల డాలర్ల దాకా పాడమన్నాడు.

వంతు వచ్చేసింది. గుంపులో ఒక్క అట్టే లేచింది. అది కాయా చేతిలో ఉంది. కాయా తోలెఫ్ మనవరాలు, మారిట్ కంటే రెండేళ్ళు పెద్దది. ఇంకెవరూ కదల్లేదు. పోటీలకు వెళ్ళే మగవాళ్ళంతా జేబుల్లో చేతులు పెట్టుకుని నేల చూస్తున్నారు.

మారిట్ చుట్టూ చూసింది. ఈ బండి విలువ ఎవరూ కనిపెట్టలేదు అనుకుంది. అట్ట ఎత్తింది.

వేలం పాడించే ఆయన ఆగాడు. "మీ తాత ఎక్కడమ్మా? ఆయన వచ్చేదాకా ఆగుదామా?"

తాతే పాడమన్నాడని చెప్పింది. కాయా మళ్ళీ ఎత్తింది. మారిట్ కూడా ఎత్తింది. ఇంకో రెండుసార్లు అలా జరిగాక కాయా వాళ్ళమ్మ వైపు చూసింది. వాళ్ళమ్మ తల అడ్డంగా ఊపింది. కాయా అట్ట దించేసింది.

బండి మారిట్‌దయింది. ఎవరూ శభాష్ అనలేదు. పక్కనున్న ముసలాయన దూరం జరిగాడు.

తాత కాఫీ తెచ్చేసరికి విషయం ఆయనకు అందింది. ఆయన మారిట్‌ను ఒక పక్కకు తీసుకెళ్ళాడు.

"ఆ ఇంటివాళ్ళు తమ బండికి తామే పాడుతున్నప్పుడు ఇంకెవరూ పాడరే, తల్లీ. ఎవరూ చెప్పరు. అందరూ ఆగిపోతారు. ఆ పిల్ల పోయినేడు దీన్ని తోలెఫ్ పక్కనుండగా నడిపింది."

"నాకు తెలీదు తాతయ్యా."

"తెలీదు. చెప్పాల్సింది నేను. కాఫీ కోసం పోయాను."

ఆయన వెంటనే కాయా వాళ్ళమ్మ దగ్గరకు వెళ్ళి, కాయా ఆఖరిసారి పాడిన ధరకే బండి తీసుకొమ్మన్నాడు. మీ మనవరాలు న్యాయంగానే పాడింది, మాకు ఎవరి దయా వద్దు అని ఆమె మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది.

సోమవారం స్కూలు బస్సులో వెనక సీటు కుర్రాడు, "సీట్లు జాగ్రత్తరా, ఈమె వేలం పాడేస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. కాయా నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మారిట్‌కు ఆ నవ్వు కంటే అదే ఎక్కువ బాధేసింది.

జూన్‌లో మారిట్ సైకిల్ మీద కాయా వాళ్ళ అద్దె ఇంటికి వెళ్ళింది. ఎవరూ తలుపు తీయలేదు. రెండోసారి వాళ్ళమ్మ తీసి, కాయా నిద్రపోతోందని చెప్పింది. అప్పుడు పగలు మూడు గంటలు. మూడోసారి మారిట్ ఒక ఉత్తరం తలుపు కింద నుంచి తోసి వచ్చింది. జవాబు రాలేదు. షెడ్డులో బండి దగ్గరకు వెళ్ళబుద్ధి కాలేదు. తాత ఒక్కడే దాన్ని తుడిచి, నూనె మార్చాడు.

ఆగస్టు వచ్చింది. సంతలో బండిని తూకం వేశారు. ఫారంలో బండి ఎవరిది అన్నచోట మారిట్ తాత పేరు రాసింది. నడిపేది ఎవరు అన్నచోట కాయా నైగార్డ్ అని రాసింది. తాత చదివాడు.

"రాకపోవచ్చు" అన్నాడు.

"ఉత్తరంలో రాశాను, పోటీకి కాయా పేరే ఇస్తానని."

"అయినా రాకపోవచ్చు."

లాగాల్సిన బరువుల బండిని నారింజ ట్రాక్టర్ వెనక కొక్కేనికి తగిలించారు. మైకులో కాయా పేరు పిలిచారు. కాయా కంచె దగ్గరే ఉంది, వాళ్ళమ్మ పక్కన. కదల్లేదు.

రెండోసారి పిలిచారు. జెండా పట్టుకున్న ఆయన మారిట్ దగ్గరికి వచ్చాడు. పేరు మార్చుకోవచ్చు, నువ్వు ఎక్కుతావా అని అడిగాడు. సీటు చేతికి అందేంత దగ్గరలో ఉంది. ఇంజను నడుస్తోంది.

"వంతు నాది కాదండీ" అంది మారిట్.

మూడోసారి పిలిచారు. కాయా తల తిప్పుకుని జనంలోకి వెళ్ళిపోయింది. వంతు పోయింది. కొక్కెం విప్పేశారు. తాత బండి ఎక్కి దాన్ని బయటికి నడిపాడు. మారిట్ కారుతున్న కన్నీళ్ళు తుడుచుకోకుండానే పక్కన నడిచింది.

ట్రాక్టర్‌ను తెచ్చిన లారీ దగ్గర ఆమె తాతను పెన్ను అడిగింది. వచ్చే శనివారం పక్క కౌంటీలో పోటీ ఉంది. దాని ఫారాన్ని లారీ తలుపుకు ఆనించి, నడిపేది ఎవరు అన్నచోట కాయా నైగార్డ్ అని రాసింది.