చివరి బోగీలో మూల సీటు

ఆ సీట్లో ఎవరూ కూర్చోరు.

రాత్రి ఆఖరి మెట్రో అంటే తెలుసుగా... ఇసకేస్తే రాలదు. నిలబడ్డవాళ్ళ చంకలు కూర్చున్నవాళ్ళ ముక్కుల దగ్గర ఉంటాయి. అయినా సరే, చివరి బోగీలో తలుపు పక్కనున్న మూల సీటు మాత్రం ఖాళీగానే పోతుంది. కాళ్ళు పీకేస్తున్నాయని మూలిగే ముసలమ్మ కూడా దాని వంక ఒకసారి చూసి అటు తిరిగి నిలబడుతుంది. తెలియక ఎవడైనా కొత్తవాడు కూర్చోబోయాడా, వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగుతారు.

"అక్కడొద్దు బాబూ..."

"ఏం? తడిగా ఉందా?"

"అదేం కాదు. దిగాక చెప్తాను. ఇక్కడ... వద్దు."

దిగాక చెప్పే సంగతి ఇదీ. ఒకప్పుడు ఒకాయన ఆ సీట్లో కూర్చుని కూర్చునే పోయాడట. కునుకు తీస్తున్నాడనుకున్నారు అందరూ. బండి ఈ కొసనుంచి ఆ కొసకి, ఆ కొసనుంచి ఈ కొసకి తిరుగుతూనే ఉంది... ఆయనా తిరుగుతూనే ఉన్నాడు. పక్కవాళ్ళు దిగారు, కొత్తవాళ్ళు ఎక్కారు, ఒక్కరు కూడా భుజం తట్టి లేపలేదు. వాసన వచ్చాక గానీ తెలియలేదు. ఆయన్ని దింపారు గానీ— ఆయన దిగలేదట! ఆ సీట్లో కూర్చున్నవాణ్ణి పట్టుకుంటాడు. ఆయన పట్టినవాణ్ణి ఇంకెవరైనా ముట్టుకుంటే, వాళ్ళ మీదికొస్తాడు.

ఒళ్ళు జలదరించిందా? మరేం భయపడకండి, అదంతా పచ్చి అబద్ధం. కట్టినవాడు మా సెలూన్ మాస్టర్.

పాపం, అతని బాధ అతనిది. పొద్దున్న కత్తెర పట్టుకుంటే రాత్రి షట్టర్ దించేదాకా నిలబడే ఉండాలి. సాయంత్రానికి పాదాలు బన్నుల్లా ఉబ్బేవి. బండెక్కితే అక్కడా నిలువుకాళ్ళ కొలువే. ఒకరోజు ఒకాయనకి గడ్డం గీస్తూ గీస్తూ, ఉబుసుపోక, ఆ మూల సీటు కథ అల్లేశాడు. గొంతు మీద కత్తి ఉండగా చెప్పిన కథని ఎవడు కాదంటాడు చెప్పండి? కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ కదలకుండా విన్నాడు. విన్నవాడు ఊరుకుంటాడా, ఇంటికెళ్ళి ఇంకో ముక్క కలిపాడు. వాసన సంగతి మాస్టర్ పెట్టింది కాదు, అది ఎవరో కలిపిందే!

కొన్నాళ్ళకి సీటు ఖాళీ అయింది. మాస్టర్ దర్జాగా కూర్చున్నాడు.

"మరి నిన్నేం చెయ్యడా మాస్టారూ?" అని అడిగారు బోగీలో వాళ్ళు.

"నా జేబులో ఎప్పుడూ కత్తెర ఉంటుందిగా. ఇనుమంటే వాళ్ళకి హడల్" అన్నాడు, తడుముకోకుండా.

వాళ్ళావిడ మాత్రం కోప్పడింది. "చచ్చినవాళ్ళతో పరాచికాలేమిటి నీకు?"

"లేనివాడు చచ్చేదేమిటే పిచ్చిదానా!" అని నవ్వి, కాళ్ళు చాపుకుని పడుకున్నాడు.

ఆ రాత్రి కూడా అలాగే ఎక్కాడు. మూల సీట్లో కూలబడి, సంచీ ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళావిడకి ఫోన్ చేశాడు. "ఎక్కేశానే, అన్నం వేడిగా ఉంచు."

ఫోన్ జేబులో పెట్టుకోబోతే... కుడిచెయ్యి జేబు దాకా పోలేదు, ఫోన్ సీట్లోనే జారిపడింది. తిమ్మిరెక్కిందేమో అనుకున్నాడు. సంచీ జారి కింద పడింది. తీద్దామని వంగబోతే ఒళ్ళు వంగలేదు. నోట్లోంచి చొంగ కారుతోంది, తెలుస్తోంది, కానీ తుడుచుకునే చెయ్యి ఏది? "ఒరేయ్ ఎవరన్నా చూడండ్రా" అని గట్టిగా అరిచాడు.

అరిచాననుకున్నాడు. బయటికొచ్చింది ఒక మూలుగు.

సెక్యూరిటీ గార్డు పని చేసే ఒకతను ముందు చూశాడు. రోజూ పలకరించేవాడే, పోయిన వారమే మాస్టర్ దగ్గర క్రాఫు చేయించుకున్నవాడే. చూసి... వెనక్కి జరిగాడు.

"అమ్మో... పట్టేశాడు. మాస్టర్‌ని పట్టేశాడు!"

"మూతి చూడు ఎలా వంకరపోయిందో!" అంది ఒకావిడ, పిల్లాణ్ణి చీరకొంగులోకి లాక్కుంటూ. "కత్తెర కూడా ఆపలేకపోయిందే."

మాస్టర్‌కి అన్నీ వినిపిస్తున్నాయి. ఒక్క మాటా పొల్లుపోకుండా వినిపిస్తున్నాయి. కథ నేనే కట్టానురా నాయనా, ఆయనా లేడు గీయనా లేడు, నన్ను ముట్టుకోండ్రా... లోపల మొత్తుకుంటున్నాడు. పైకి మాత్రం కన్ను ఒకటి మెల్లగా పక్కకి పోయింది. అది చూసి జనం ఇంకా దూరం జరిగారు. అంత ఇరుకులోనూ అతని చుట్టూ చోటు ఎక్కణ్ణుంచి వచ్చిందో!

ఒక కాలేజీ పిల్ల మాత్రం ముందుకొచ్చింది. "ఇది దెయ్యం కాదంకుల్, ఏదో జబ్బు. ఆ ఎర్ర బటన్ నొక్కితే డ్రైవర్‌కి తెలుస్తుంది."

ఎర్ర బటన్ మాస్టర్ తల పక్కనే ఉంది. నొక్కాలంటే అతని మీదుగా చెయ్యి చాపాలి. ఆ పిల్ల చెయ్యి చాపింది... అతని చెవి దాకా వచ్చింది... అంతలో గార్డు ఆమె జబ్బ పట్టుకుని వెనక్కి గుంజేశాడు.

"నీకేమన్నా అయితే మీ అమ్మకి ఎవరు జవాబు చెప్తారు?"

ఆ పిల్ల తర్వాతి స్టేషన్‌లో దిగింది. అద్దంలోంచి మాస్టర్‌కి కనిపిస్తూనే ఉంది... యూనిఫారం వేసుకున్న ఒకాయన దగ్గరికి పరిగెత్తింది, ఇటు వేలు చూపించింది. ఆయన గబగబా వచ్చాడు. వస్తున్నాడు, వస్తున్నాడు... ఏ సీటో చూశాడు. అక్కడే ఆగిపోయాడు. తలుపులు మూసుకున్నాయి.

సీట్లో ఫోన్ మోగింది. వాళ్ళావిడ. మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది.

ఆఖరి స్టేషన్‌లో అందరూ దిగిపోయారు. తుడిచే ఆవిడ ఎక్కింది. బకెట్లో ఫినాయిల్ వాసన. బోగీ ఆ చివరనుంచి తుడుచుకుంటూ, సీట్ల కింద కాగితాలు ఏరుకుంటూ వస్తోంది. ఇటే వస్తోంది. మాస్టర్‌కి ప్రాణం లేచొచ్చింది. ఒంట్లో ఉన్న సత్తువంతా కూడగట్టుకుని ఎడమకాలు కదిపాడు. కొంచెం కదిలింది కూడా.

ఆవిడ చేతిలో కర్ర కింద పడింది.

"దణ్ణం తండ్రీ... నీ జోలికి నేనెప్పుడన్నా వచ్చానా? నీ మూల నేనెప్పుడూ తుడవను... పిల్లలు గలదాన్ని, నన్నొదిలెయ్" అంటూ వెనక్కి వెనక్కి నడిచి, బకెట్ కూడా తీసుకోకుండా దిగిపోయింది.

ఆమె తుడవదన్న మాట నిజమే. ఎన్నాళ్ళ దుమ్మో, ఎవరి టీ కప్పులో, ఆ మూల అలాగే ఉన్నాయి.

బండి డిపోలోకి పోయింది. లైట్లు ఆరిపోయాయి. మాస్టర్ సీట్లోంచి జారి వెల్లకిలా పడ్డాడు. చొంగ గొంతుకి అడ్డం పడింది. ఊపిరి... లోపలికి పోవడం లేదు. సీట్లో ఫోన్ మళ్ళీ మోగుతోంది...

పొద్దున్నే బండి తీయడానికొచ్చిన డ్రైవర్ చూశాడు. బతికే ఉన్నాడు. పక్షవాతం అన్నారు. ప్రాణం దక్కింది గానీ, ఆ కుడిచెయ్యి మాత్రం మళ్ళీ కత్తెర పట్టలేదు. ఇదంతా మాట కాస్త కూడాక అతను ముక్కలు ముక్కలుగా వాళ్ళావిడకి చెప్పుకున్నదే. ఆవిడ చెప్తేనే మనదాకా వచ్చింది. కానీ లైట్లు ఆరిపోయాక ఏమైందో ఎన్నిసార్లు అడిగినా చెప్పేవాడు కాదు.

ఒకనాడు నోట్లో జావ పోస్తూ ఆవిడే కదిపింది.

"వెల్లకిలా అలాగే పడుంటే ఊపిరాడక పోయేవాడివట. డాక్టరుగారు చెప్పారు. నిన్నెవరో పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద సంచీ పెట్టారట. ఆ డ్రైవరూ అదే అన్నాడు. ఎవరా పుణ్యాత్ములు? ఆ తుడిచే ఆవిడ మళ్ళీ వచ్చిందా?"

తల అడ్డంగా ఊపాడు.

"మరి ఎవరు?"

"చెయ్యి... చల్లగా... ఉంది" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎవరి చెయ్యి?"

"'నన్నెవరూ... ముట్టుకోలేదు నాయనా... నిన్ను... నేను ముట్టుకుంటాలే'... అన్నాడు."

గిన్నె పక్కన పెట్టేసిందావిడ. "నువ్వే కట్టానన్నావు కదయ్యా ఆ కథ..." అంది, గుసగుసగా.

"నేనే... నేనే కట్టానే" అంటూ ఆమె చెయ్యి పట్టుకుని భోరుమన్నాడు.