సూటర్ సొరంగంలో బదులు పాట

డడ్లీ ఊరి దగ్గర పడవల కాలువ కొండ కిందుగా దూరే చోట సూటర్ సొరంగం ఉంది. పొద్దుగూకాక పడవవాళ్లు కూడా అటు పోరు. వెనకెప్పుడో ఒక బొగ్గు పడవవాడు ఈల వేసుకుంటూ లోపలికి వెళ్లాడట... చీకట్లోంచి బదులు ఈల వచ్చిందట. వాడు హడలిపోయి ఆపాడు. అంతే — పడవ ఒక్కటే బయటికొచ్చింది. బదులు వచ్చాక ఆపినవాడు మిగలడని అప్పట్నుంచీ మాట.

బ్యాండు నాయకుడు బర్ట్ ట్రాంటర్‌కి ఈ సంగతి తెలియక కాదు. గదిలో క్లారినెట్ ఊదితే కింద వాటాలోని ఇంటావిడ చీపురుకర్రతో కప్పు పొడుస్తుంది. బయట వాన. శనివారం పబ్బులో డాన్సు. అతని జాజ్ బ్యాండులో పాట నడిపేది ట్రంపెట్. దాని చుట్టూ అల్లుకునేది క్లారినెట్. ఆ ట్రంపెట్ వాయించే క్లెమ్‌ని పోయినవారం బర్టే అందరి ముందూ, "నీకంటే రైలు కూత నయం" అన్నాడు. క్లెమ్ పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. తప్పయిందనడానికి బ్యాండు నాయకుడికి నోరు పెగల్లేదు. ఇక పాట కూడా తనే మొయ్యాలి... లేదా బ్యాండు చెదిరిపోవాలి.

అందుకే ఆ రాత్రి సాధనకి సొరంగానికే వచ్చాడు. మూతి దగ్గర నిలబడి, క్లారినెట్ పీక నాలికతో తడిపి, పాట ఎత్తుకోబోయాడు. అలవాటు ఊరుకుంటుందా? వేళ్లు పాత అల్లిక వైపే పోయాయి.

అప్పుడు... లోపల్నుంచి, ఏ వాద్యమో పోల్చుకోలేనంతగా గోడలకి తగిలి మోగుతూ, పాట వచ్చింది.

ప్రతిధ్వని అయితే తను వాయించిందే తిరిగి ఇవ్వాలి. ఇది తను వాయించనిది!

ఆపుదామా — ఆపితే? పడవవాడు గుర్తొచ్చాడు. ఊదాడు. అది జోరు పెంచితే తనూ పెంచాడు. పెదవి చిట్లి నోట్లో ఉప్పగా తగిలింది. అయినా ఆ పాటా, తన అల్లికా... దేవుడా, ఎంత బాగా కలిశాయి!

ఉన్నట్టుండి అవతల ఆగిపోయింది.

బర్ట్ కళ్లు గట్టిగా మూసుకుని ఊదుతూనే ఉన్నాడు. చీకట్లో "ఫుస్... ఫుస్" మంది. రాళ్ల మీద తడి తుంపర.

బర్ట్ ఆగాడు. ట్రంపెట్‌లో చేరిన ఉమ్మి ఊది పారబోసే చప్పుడది! దెయ్యానికి ఉమ్మెక్కడిది?

"ఎ... ఎవర్రా అది?"

"బర్టూ? నువ్వట్రా! దరిద్రుడా! నేనిలా ఎత్తుకున్నానో లేదో నువ్వలా అందుకున్నావు. ఆపితే పోతానని, ట్రంపెట్‌లో నీళ్లు నిండి గుడగుడలాడేదాకా ఊదాను కదరా!"

క్లెమ్! వాళ్ల ఇంటావిడకీ ఒక చీపురుకర్ర ఉంది మరి.

"ఆ రైలు కూత మాట..." బర్ట్ గొణిగాడు. "తప్పు నాదేరా."

"ఆ ముక్క చెప్పడానికి దెయ్యం కావాల్సి వచ్చిందా? శనివారం వస్తాలే. ముందు బయటికి నడు!"

బయటపడ్డారో లేదో, వెనక సొరంగంలోంచి... సన్నగా బదులు ఈల.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ట్రంపెట్ ఒకరు, క్లారినెట్ ఒకరు పెదవులకి ఆనించారు. వానలో ఊదుకుంటూనే ఊళ్లోకి నడిచారు. కిటికీలన్నీ తెరుచుకుని జనం తిడుతున్నా, ఇంటావిడలిద్దరూ చీపుర్లతో వీధిలోకి వచ్చినా — తెల్లవారేదాకా ఆపలేదు.