రెయిలింగ్ ఊడదీసిన రోజు

1958 చలికాలం. నార్వే ఉత్తరపు దీవుల్లో సూర్యుడు మొహం చూపించని ఆరు వారాల్లో అది మూడోది. మధ్యాహ్నం రెండు దాటిందో లేదో కిటికీల బయట చీకటి దట్టంగా అలుముకుంది.

ఐలెర్ట్ వంటింట్లో పొయ్యి పక్కన మంచం వేశాడు. దుప్పట్లు పరిచి, కాఫీ గిన్నె వేడి తగిలేలా పెట్టాడు. డెబ్భై మూడేళ్ళ మనిషి, పొద్దున్నుంచి ఒక్కడే చేసుకున్నాడు. ఇక మిగిలింది భార్యను మేడ మీంచి దించడమే.

మాగ్న్‌హిల్డ్‌కి తుంటి ఎముక విరిగి మూడు నెలలైంది. పై గదిలో పొయ్యి లేదు. తెల్లారేసరికి ఆమె మంచం పక్కన గ్లాసులో నీళ్ళు గడ్డకడుతున్నాయి. నాలుగు రోజులుగా దగ్గు. ఇంకో వారం అక్కడే ఉంటే మనిషి దక్కదని ఐలెర్ట్‌కి తెలుసు. కుర్చీలో కూర్చోబెట్టి మోసుకురావాలి. మెట్లదారేమో ఇరుకు. గోడ వెంట ఉన్న చెక్క రెయిలింగ్ సరిగ్గా నాలుగు వేళ్ళ మేర అడ్డం.

"అది తీయకయ్యా," అంది మాగ్న్‌హిల్డ్ పై గదిలోంచి. "మా ముత్తాత దానికి మేకులు కొట్టలేదు, చెక్క చీలలు బిగించాడు. శవపెట్టె దిగేటప్పుడు మాత్రమే తీయాలని. ఊరికే తీస్తే, ఇదివరకు అలా పెట్టెల్లో దిగినవాళ్ళంతా మళ్ళీ దిగుతారు. పోతూ పోతూ ఒకరిని వెంట తీసుకుపోతారు. అమ్మ చెప్పేది."

"మీ అమ్మ నా గురించి కూడా చాలా చెప్పింది."

"నవ్వులాట కాదు. నాన్నకి తీశాం. అమ్మకి తీశాం. మా చిన్న తమ్ముడికి..."

"నలభై ఏళ్ళుగా ఈ ఇంట్లో మీవాళ్ళ మాటే చెల్లింది. ఇవాళ చెల్లదు."

పక్కింటి సీవర్ట్ తలుపు దగ్గర బూట్లకంటిన మంచు దులుపుకుంటూ అంతా విన్నాడు. చేపల పడవ నడిపే బలమైన మనిషి. గొంతు తగ్గించి, "బాబాయ్, పిన్ని వద్దంటోంది కదా," అన్నాడు.

"నన్ను పెళ్ళి చేసుకోవడం కూడా ఏడాది పాటు వద్దంది. సుత్తి ఇటివ్వరా."

ఏడు చీలలు. ఆరు దెబ్బలకి లొంగాయి. ఏడోది, సుత్తి ఎత్తేలోపే, దానంతటదే జారి మెట్టు మీద పడింది.

రెయిలింగ్ చేతుల్లోకి వచ్చింది. అంత చలిలోనూ వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో చెయ్యి తీసినట్టు.

ఎక్కణ్ణించో పచ్చి జూనిపర్ కొమ్మల వాసన వచ్చింది. శవం లేచే ఇంటి గడప ముందు పరిచే కొమ్మలు. ఇంట్లో అవి లేవు. ఐలెర్ట్ ముక్కు చీది, రెయిలింగును వంటింటి గోడకి ఆనించి పైకి వెళ్ళాడు.

మాగ్న్‌హిల్డ్‌ని కుర్చీకి శాలువతో కట్టారు. సీవర్ట్ కింది వైపు పట్టుకుని వెనక్కి వెనక్కి దిగుతున్నాడు. ఐలెర్ట్ పై నుంచి కుర్చీ వీపు పట్టుకున్నాడు. ఒక మెట్టు. రెండు. మూడు...

నాలుగో మెట్టు మీద గాలి హోరు ఆగిపోయింది. పొయ్యి చిటపటలూ ఆగిపోయాయి.

పైన గదిలో నేల చెక్క కిర్రుమంది.

తర్వాత గోడ మీద ఒక చప్పుడు. అరచెయ్యి తడుముతున్న చప్పుడు. రెయిలింగ్ ఉండాల్సిన చోట... వెతుకుతూ... దిగుతూ.

"ఐలెర్ట్," అంది మాగ్న్‌హిల్డ్, పెదవులు కదిలీ కదలకుండా. "నా భుజం పట్టుకున్నావా?"

అతని రెండు చేతులూ కుర్చీ మీదే ఉన్నాయి.

ఆమె శాలువ భుజం దగ్గర గుంట పడింది. ఐదు చోట్ల. కుర్చీ గోడ వైపు ఒరిగింది.

ఐలెర్ట్ కుర్చీని ఛాతీతో, ఎడమ చేత్తో అదిమిపట్టి, కుడి చెయ్యి గోడ వైపు చాచాడు.

"పట్టుకోవడానికి ఏమీ లేకనేగా," అన్నాడు మెల్లగా. "ఇదిగో. నేను పీకాను, దాని బదులు నేనే నిలబడతాను. నా చెయ్యి పట్టుకుని దిగండి. ఆమెను ముట్టుకోవద్దు."

శాలువ మీద గుంటలు మాయమయ్యాయి.

అరచేతిలోకి ఒక చెయ్యి వచ్చింది. ఎముకలే. మెల్లగా జారుకుంటూ కిందికి పోయింది. ఇంకొకటి, వేలికి దళసరి ఉంగరం. ఇంకొకటి. తడిగా ఒకటి. ఎవరివో, ఎన్నాళ్ళవో... ఒకదాని వెనక ఒకటి. అతని చెయ్యి మొద్దుబారింది. తీయలేదు.

చివరిది చాలా చిన్నది. కింది నుంచి పైకి అందుకుంది. అది మాత్రం జారిపోలేదు. అతని వేలు చుట్టూ బిగుసుకుని, మాగ్న్‌హిల్డ్ వైపు లాగింది.

"పోరా నాయనా," అన్నాడు ఐలెర్ట్. "మీ అక్క రాదు."

చాలాసేపు... చాలాసేపు అలాగే ఉంది. తర్వాత వదిలింది.

గాలి మళ్ళీ హోరెత్తింది. కింది నుంచి సీవర్ట్ గుసగుసగా, "బాబాయ్... నన్ను రాసుకుంటూ ఎవరో పోయారు," అన్నాడు.

"దారివ్వడం మంచిదేగా. పద, కాఫీ చల్లారిపోతుంది."

మాగ్న్‌హిల్డ్ వంటింట్లో ఆ పొయ్యి పక్కనే ఇంకా పదకొండేళ్ళు బతికింది.

ఆ తర్వాతి వారం పట్నం నుంచి వచ్చిన డాక్టరు ఐలెర్ట్ కుడి చేతిని దీపం కింద చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. సూది గుచ్చితే తెలియలేదు. అరచేతిలో ఒక్క గీత కూడా లేదు, తరతరాలు పట్టుకుని దిగిన చెక్కలా నున్నగా ఉంది. ఆ చెయ్యి మళ్ళీ చెంచా కూడా పట్టుకోలేదు.